ఎడమ చేతి గ్లౌజు

ముందు కత్తి వినిపిస్తుంది. రాతి మీద ఒక వైపు, మళ్ళీ రెండో వైపు, సర్రు సర్రుమని, నిద్రపోయే పిల్లి ఊపిరంత తీరిగ్గా. తర్వాత "ఛీ" అని ఒక మాట. ఆ తర్వాతే మనిషి.

చేపలు శుభ్రం చేసే ఆ షెడ్డులో అందరూ ఆమెను ఛీ అత్త అంటారు. ఇరవై రెండేళ్ళుగా చేపల కడుపులు కోస్తున్నా ఆమెకు ఏదీ అలవాటు కాలేదు. మొప్పల కింద జిగురు చూస్తే ఛీ. బల్లకు అంటుకుని ఎండిన పొలుసు చూస్తే ఛీ. మేస్త్రీ జోకు వేస్తే మరీ గట్టిగా ఛీ. పక్క బల్ల దగ్గర ఆమె తోడికోడలు పనిచేస్తుంది. బావగారిని మొదటిసారి చూసినప్పుడు కూడా అక్క అదే మాట అందని, పాపం ఆయన అది సిగ్గనుకున్నాడని ఆమె చెబుతుంది.

షెడ్డుకు ఉన్న ఒకే ఒక్క కిటికీ, ఒకే ఒక్క కొళాయి ఛీ అత్త బల్ల దగ్గరే ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ళు వెనక తలుపు దగ్గర, పేగుల తొట్ల పక్కన నిలబడతారు. ఆ తొట్లలో మధ్యాహ్నానికల్లా ఎర్రటి నురగ పొంగుతుంది, దాని మీద ఈగలు నల్లటి గుడ్డలా పరుచుకుంటాయి. ముందున్నవాళ్ళు మానేసినప్పుడల్లా ఒక్కో బల్ల గాలి వైపు జరుగుతూ, ఆమె కిటికీ దాకా రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. ఆమె జీవితంలో పైకి రావడమంటే అదే.

అందరిలాగే ఆమె కూడా నీలం రంగు గ్లౌజులు వేసుకుంటుంది. కాకపోతే ఎడమ చేతి గ్లౌజుకు చూపుడు వేలి కొసను కత్తెరతో తిన్నగా కత్తిరించేస్తుంది. సన్నటి ముల్లు కంటికి కనపడదు, ఉత్త వేలికి తగులుతుంది. షెడ్డులో ఇంకెవరూ అలా చేయరు. చిరిగిన గ్లౌజుల విషయంలో మాత్రం అందరిదీ ఒకటే దారి. చెత్తడబ్బా ముందు తలుపు దగ్గర ఉంటుంది, చేతులు జిగురుగా ఉంటాయి, పేగులు పడేయడానికి తొట్టి దాకా ఎలాగూ వెళ్ళాలి. కాబట్టి తొట్టిలోకే. సాయంత్రం ఇద్దరు ఆ తొట్టిని మోసుకెళ్ళి జెట్టీ చివర సముద్రంలోకి కుమ్మరిస్తారు. తెల్లారేసరికి నీళ్ళు మళ్ళీ అద్దంలా ఉంటాయి. కనపడకపోవడమే శుభ్రమని అందరూ అనుకున్నారు, ఆమె కూడా.

పోయిన నెల ఒక ఉదయం షెడ్డు పక్క ఇసుకలోకి చచ్చిన సముద్ర తాబేలు కొట్టుకొచ్చింది. దాని కంపు షెడ్డు కంపును కూడా ఓడించింది. సముద్ర జీవుల కోసం పనిచేసే మా చిన్న బృందానికి కబురు వస్తే, పశువుల డాక్టరమ్మతో పాటు నేనూ వెళ్ళాను. ఎలా చచ్చిందో తేలడానికి ఆమె కోస్తుంది, కడుపులోంచి ఏది బయటికి వస్తే అది కాగితం మీద ఎక్కించడం నా పని.

డాక్టరమ్మ కత్తి ఆ మందపాటి చర్మం మీద జారిపోతోంది. కిటికీలోంచి చూస్తున్న ఛీ అత్తకు ఆ కోత చూడబుద్ధి కాలేదు. తన కత్తి పట్టుకుని ఇసుకలోకి దిగింది.

"అలా కోస్తే దాన్ని రెండోసారి చంపినట్టుంది. జరగండమ్మా."

అడుగు చిప్ప అంచు వెంబడి కత్తి నడిచింది. గొళ్ళెం తీసిన తలుపులా చిప్ప లేచింది. లోపలి నుంచి ఆకుపచ్చగా, నల్లగా ఒక వేడి ముద్ద జారి ఆమె కాళ్ళ మీద పడింది. ఛీ అంటూనే చేతులు లోపల పెట్టింది. పాలిథిన్ సంచుల పొరలు ఉల్లిపాయ పొట్టులా వచ్చాయి. వల తాడు వచ్చింది. సీసా మూత వచ్చింది. చివరికి పేగు మలుపులో గట్టిగా ఇరుక్కున్న ముద్ద ఒకటి వచ్చింది. దాన్ని బకెట్లో జాడించి చెక్క మీద పరిచింది. నీలం వెలిసిన అయిదు వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. నాలుగింటికి కొసలున్నాయి, చూపుడు వేలికి లేదు.

గ్లౌజు, నీలం, ఒకటి, అని రాశాను. ఆ వేలిని తాబేలే కొరికేసి ఉంటుందని డాక్టరమ్మ అంది. ఆ ఒక్కసారే ఛీ అత్త నోట ఛీ రాలేదు. ఎడమ చేతిని వీపు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అలా ఎందుకు నిలబడిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మిగతాది తోడికోడలు చెప్పింది. నాలుగు రోజులు అక్కకు ముద్ద దిగలేదట. సబ్బు పెట్టి చేతులు కడిగిందే కడగడం. చేతులరిగిపోతే వంటెవరు చేస్తారని ఐసు బండి నడిపే బావగారు నవ్వించబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడట. అయిదో రోజు షిఫ్టు అయ్యాక ఆమె పేగుల తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టింది. ముప్ఫై ఒక్క గ్లౌజులు తీసి, కారుతున్నవి కారుతున్నట్టే మేస్త్రీ బల్ల మీద పడేసి, ఇవి ఇక సముద్రంలోకి పోకూడదంది. ఆయన ముక్కు మూసుకుని ఒకటే మాట అన్నాడు.

"ఇన్నేళ్ళూ నువ్వు వేసినవి ఎవరు తీశారత్తా?"

మర్నాడు ఆమె మా ఆఫీసు ఎక్కడని వాకబు చేసింది. అది మేస్త్రీ చెవిన పడింది. ఆ తాబేళ్ళవాళ్ళు ప్రతిదీ రాసుకుంటారని, షెడ్డు పేరు బయటికి వస్తే సరుకు కొనేవాళ్ళు తగ్గిపోతారని, వాళ్ళతో కలిస్తే కొళాయి బల్ల ఇంకొకరిదని తెగేసి చెప్పాడు. తొట్ల దగ్గర మళ్ళీ మొదటి నుంచి. ఈ వయసులో ఆ కంపులోకి ఎందుకక్కా అని తోడికోడలు బతిమాలింది. కిటికీ వంతు తర్వాత తనదే. అయినా బతిమాలింది.

సెలవు రోజున ఛీ అత్త వచ్చింది. సైకిల్ రిపేరు షాపు పైన ఒక్క గదే మా ఆఫీసు. గోడ పొడుగునా సీసాలు, వాటిలో మందు నీళ్ళు, వాటిలో ఊరుతున్న పేగు ముక్కలు. ఆమె ప్రతి సీసా ముందూ ఆగి వరసగా ఛీ అంటూ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఒంటి నుంచి సబ్బు వాసన వేస్తోంది, దాని అడుగున చేప వాసన.

ఇక్కడ చేసేదంతా కంపు పనేనని, చచ్చినవాటిని కోయడం, ఒడ్డున కుళ్ళినవి ఏరడం తప్ప ఫొటోల్లో కనిపించే అందం ఏమీ లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. వాలంటీరు ఫారం బల్ల మీద పెట్టింది. ఛీ అత్త దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు నేను రాసిన కాగితం ఉందా అని అడిగింది. తీసిచ్చాను. ఆమె ఎడమ చెయ్యి కాగితం మీద పెట్టింది. చూపుడు వేలి కొస ఒక్కటే ఉప్పునీళ్ళకు తెల్లగా నాని, గీతలు పడి ఉంది. మిగతా వేళ్ళు నున్నగా ఉన్నాయి. అప్పుడు నాకు అర్థమైంది.

మరి మీ బల్ల పోతుందేమో అన్నాను. పోయింది, ఇక్కడికి వస్తున్నానని చెప్పగానే నిన్ననే తొట్ల దగ్గర నిలబెట్టాడు అని చెప్పింది. అక్కడైతే పడేసే గ్లౌజులన్నీ ఇక తన చేతి మీదుగానే పోవాలంది.

ఆ తాబేలులో దొరికిన గ్లౌజు ఎవరిదో ఎవరికీ తెలియదు, వదిలేయండత్తా అన్నాను. బల్ల మీద ఎండిన పొలుసును చూసినట్టు నన్ను చూసింది.

"నాకు తెలుసుగా, ఛీ. ఒకటి అని రాశావే, దాని పక్కన నాదని రాయి. రాశాక ఆ ఫారం ఇటివ్వు."