నెయ్యి ముద్దలో మాత్ర

ఆ రోజు కార్లో నేనొక అబద్ధం చెబితే మా అమ్మాయి నమ్మేసింది. ఏదో తేడా వచ్చిందని అప్పుడే అనిపించింది.

అబద్ధం చిన్నదేం కాదు. అమెరికాలో మేముండే ప్లేనోలో, మా ఆఫీస్ పార్కింగ్‌లో ఒక మొసలికి డ్రైవింగ్ నేర్పాననీ, దానికి రివర్స్ ఒక్కటే రాలేదనీ చెప్పాను. మామూలుగా అయితే తొమ్మిదేళ్ల మేఘన సగంలోనే అడ్డుపడేది. "నాన్నా, యు ఆర్ లయింగ్. దాని కాలు బ్రేక్‌కి అందదు." ఆ రోజు "ఓకే నాన్నా" అని, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

అప్పటికి కొన్ని వారాలుగా తన ఏడీహెచ్‌డీకి, అంటే ఒక్కచోట కుదురుగా, ధ్యాసగా ఉండలేని సమస్యకి, గ్వాన్‌ఫసిన్ అనే మందు వాడుతున్నాం. ఎక్స్‌టెండెడ్ రిలీజ్ టాబ్లెట్. "మొదట్లో కొంచెం స్లీపీగా ఉంటుంది, సెటిల్ అవుతుంది" అంది డాక్టర్.

సెటిల్ అవలేదు. కాకపోతే స్కూల్ నుంచి కంప్లైంట్లు ఆగిపోయాయి. తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో స్నేహితుడి భార్య, "ఏం మంత్రం వేశారు అన్నయ్యగారూ, పిల్ల ఎంత బుద్ధిగా కూర్చుందో. మావాడికీ కాస్త వేయండి" అంది. పిల్ల చేతిలో సమోసా పట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోంది. నేను నవ్వాను. మా ఆవిడ బాత్‌రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

బ్లడ్ టెస్టులు నార్మల్. బీపీ మాత్రం తక్కువ. "పొద్దున బదులు సాయంత్రం ఇచ్చి చూడండి" అంది డాక్టర్. ఇచ్చాం. పొద్దున్నే ఎంత లేపినా లేవదు. భుజాన వేసుకుని కార్లోకి మోసేవాణ్ణి.

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో, "మింగడానికి ఇబ్బంది లేదు కదా?" అని అడిగింది డాక్టర్. మేఘనకి మాత్ర గొంతు దిగదు. అందుకు నేను కనిపెట్టిన ఉపాయం గొప్పగా చెప్పుకొచ్చాను. రెండు చెంచాల మధ్య నలిపి, నెయ్యి దండిగా వేసిన పప్పన్నం ముద్దలో పెట్టి, కథ చెబుతూ తినిపిస్తాను.

డాక్టర్ టైపింగ్ ఆపేసింది. "ఇది క్రష్ చేయకూడదు సర్. రోజంతా నెమ్మదిగా రావలసిన మందు ఒక్కసారే వెళ్లిపోతోంది. ఫ్యాట్ ఎక్కువున్న ఫుడ్‌తో ఇంకా ఎక్కువ."

"ఇవాళే మానేస్తాం" అన్నాను.

"వద్దు. సడన్‌గా ఆపితే బీపీ పెరిగిపోవచ్చు. డోస్ నేను తగ్గిస్తాను."

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ నా పక్కన కాకుండా వెనక సీట్లో మేఘన దగ్గర కూర్చుంది.

చిన్న చిన్న మిఠాయి బిళ్ళలతో మాత్ర మింగడం నేర్పాం. డోస్ తగ్గింది, పిల్ల మేలుకుంది. దాంతోపాటు టీచర్ ఈమెయిల్సూ మేలుకున్నాయి. ఒకరోజు క్లాసులోంచి పరుగెత్తి రోడ్డు దాకా వెళ్లిపోయింది. డోస్ మళ్లీ కొంచెం పెంచారు. ఇప్పుడు స్కూల్ నుంచి రాగానే పడుకుంటుంది. లేచాక చిన్న మాటకే ఏడుస్తుంది. స్విమ్మింగ్ మాన్పించేశాం.

మొన్న నేను తన షూ విప్పుతుంటే అడిగింది. "నాన్నా, నీకు ఏ మేఘన ఇష్టం? స్లీపీ మేఘనా, బ్యాడ్ మేఘనా?" ఇన్నేళ్లు కోతలు కోసిన నోరు నాది. లేసులు విప్పుతూ ఉండిపోయాను.

బాగైపోయిందని రాయాలనుంది, కానీ కాలేదు. మీకు చెప్పగలిగింది ఒక్కటే. పిల్లకి మందు ఎలా ఇస్తున్నారో, దేంతో కలిపి ఇస్తున్నారో డాక్టర్ అడగకపోయినా చెప్పండి. మింగలేకపోతే మింగలేకపోతోందనే చెప్పి, ఇంకో దారి అడగండి. మీ అంతట మీరు నలపకండి, మీ అంతట మీరు ఆపకండి.