ఇస్త్రీ చేసిన మోదుగాకులు

1987 మే 12, మంగళవారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు సిద్దిపేటలో ఒక మహా విపత్తు మొదలైంది. పత్రికల్లో రాలేదు కాబట్టి మీకు తెలిసి ఉండదు. బాధ్యురాలిని నేనే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బట్టల దుకాణం వాళ్ల కొత్త కోడలిని. మా వెనకింటి ఎల్లవ్వ గుట్టల అడవిలో మోదుగాకులు తెంపుకొచ్చి, సన్నని పుల్లలతో విస్తళ్లు కుట్టి బతికేది. శుక్రవారం పెళ్లికి మూడు వందల విస్తళ్లు ఒప్పుకుంది. అంత పెద్ద పని ఆమెకు అదే మొదటిది. నచ్చితే ఆ ఇంటి విందులన్నీ ఇక ఆమెవే.

ఆ పొద్దున మా వాకిట్లో నీడన ఆకుల దొంతర పెట్టి, మీద బరువుగా ఒక రాయి ఉంచింది. నూట ఇరవై విస్తళ్లకు, ఏడు చొప్పున ఎనిమిది వందల నలభై ఆకులు.

“బిడ్డా, ఇంకింత ఆకు తెస్త. మేకలు రాకుండ చూడు. ఇంకేం చెయ్యకు.”

ఏమీ చేయకుండా ఉండటం నాకు పుట్టుకతో రాని విద్య. ఆమె మలుపు తిరగగానే రాయి తీసి చూశాను. ఆకులు చెమ్మగా ఉన్నాయి! బూజు పట్టదూ? డాబా మీద, వరుసకు ఇరవై చొప్పున నలభై రెండు వరుసలు ఎండబెట్టాను. పదకొండయ్యేసరికి అన్నీ వేయించిన అప్పడాల్లా మెలికలు తిరిగి గలగలమన్నాయి.

“ఏందే గా సప్పుడు?” కింది నుంచి అత్తమ్మ.

“ఆకులు ఎండుతున్నయత్తమ్మా!”

“ఎండుతున్నయా, ఏడుస్తున్నయా?”

చీర ముడత పడితే ఏం చేస్తాం? బొగ్గుల ఇస్త్రీ పెట్టె తీశాను. నీళ్లు చిలకరించి, ఒక్కొక్క ఆకునే నున్నగా రుద్దాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు గంటల ఇరవై నిమిషాలకు ఎల్లవ్వ వచ్చింది.

“ఆకులేయి బిడ్డా?”

“ఇగో, ఎంత సాపుగున్నయో చూడు!”

ఒక ఆకులో పుల్ల గుచ్చింది. పటుక్కుమంది. రెండోదీ అంతే. ఎల్లవ్వ మోపు దింపకుండానే కూలబడింది.

“మెత్తగుంటెనే పుల్ల దూరుతది. అందుకే గదా నీడన రాయి కింద పెట్టింది! శుక్రారం ఏం మొకం పెట్టుకొని పోవాలె?”

అప్పుడు పోయింది నా మురిపెం. మర్నాడు తెల్లవారగానే ఆమె వెంట గుట్టెక్కాను.

“తెంపుతున్నవా, లెక్కపెడుతున్నవా?”

“రెండూ!”

“ఒక్కటి చెయ్యి తల్లీ, పొద్దెక్కుతుంది.”

గురువారమంతా ఇద్దరం కూర్చుని కుట్టాం. శుక్రవారం మూడు వందలూ చేరాయి. ఆ ఇంటివాళ్లు వచ్చే నెల బారసాలకు కూడా ఆమెకే చెప్పారు.

ఆ పెళ్లికి మాకూ పిలుపుంది. పంక్తిలో నా ముందు ఎల్లవ్వ తన చేత్తోనే ఒక విస్తరి వేసింది. తళతళలాడుతోంది.

“నీ ఇస్త్రీ ఆకులల్ల గింతే దక్కింది. నీ కోసమే దాచిన.”

అన్నం దాకా ఆ విస్తరి ఓర్చుకుంది. పప్పుచారు పడగానే నిలువునా పగిలి, అంతా నా ఒళ్లోకి వచ్చింది.

అక్కడే ప్రమాణం చేశాను: చెట్టున పుట్టిన దేన్నీ ఈ జన్మలో ఇస్త్రీ చేయను.

“మరి పత్తి ఏడ పుడుతది బిడ్డా?” అంది ఎల్లవ్వ.

నష్టం: డాబా మీద పోయిన ఆకులు ఎనిమిది వందల ముప్పై మూడు, పంక్తిలో పోయినవి ఏడు, వెరసి ఎనిమిది వందల నలభై. పట్టుచీర ఒకటి.