నరసింగరావు బావ ఆడసైకిలు

మా నరసింగరావు బావ ఆడవాళ్ళ సైకిలు తొక్కేవాడు. ఏదో ఒకరోజు ఎవరిదో అడిగి తెచ్చుకుని కాదు. సొంతానికి కొనుక్కుని, పంచాయతీకి పన్ను కట్టి, హ్యాండిలుకి పన్ను బిళ్ళ తగిలించుకుని మరీ రోజూ తొక్కేవాడు. మనిషి ఆరడుగులు. వెనకనుంచి చూసినా చెవుల పక్కన మీసాల కొసలు కనిపించేవి. అలాంటివాడు, ముందు బారు లేని, వెనక చక్రంలో చీర పడకుండా దారాల వల కట్టిన ఆకుపచ్చ సైకిలు మీద నిటారుగా కూర్చుని వస్తుంటే, ఎదురొచ్చే బండివాళ్ళు ఎడ్లని ఆపి చూసేవారు.

బావ అన్నానే గాని మాకు చుట్టరికం లేదు. ఒకే ఊరివాళ్ళం. మా ఊరికీ చీపురుపల్లి స్టేషనుకీ నాలుగు మైళ్ళు. ఇద్దరికీ విజయనగరంలో ఒకే ఆఫీసు, ఒకే రికార్డు గది. పొద్దున్నే చెరో సైకిలు మీద స్టేషనుకొచ్చి, గంగులు సైకిలు స్టాండులో వాటిని వదిలి పాసింజరు ఎక్కేవాళ్ళం. సాయంత్రం దిగి మళ్ళీ సైకిళ్ళ మీద ఇంటికి.

పంతొమ్మిది వందల అరవై ఆరు వానాకాలం వరకూ బావకి మామూలు మగసైకిలే ఉండేది. నల్లటిది, ధాన్యం బస్తా వేసినా మూలగనిది. ఒక సోమవారం పొద్దున్న వీధి మలుపులో అతని కోసం కాచుకుని ఉంటే ఈ ఆకుపచ్చది వచ్చింది. ముందు వాళ్ళావిడ దాలమ్మే సైకిలు నేర్చేసుకుందేమోనని బిత్తరపోయి పక్కకి తప్పుకున్నాను. తర్వాత మీసాలు కనిపించాయి.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"సైకిలు."

"ఆడోళ్ళది కదా?"

"సైకిలుకి ఆడేటి, మగేటిరా. పంచె కడితే ఆ బారుకి తగులుకుంటాది. అందుకని మార్సీసినాను."

ఆ మాట అన్నప్పుడు బావ ప్యాంటులో ఉన్నాడు. నేనతన్ని ఇంటి బయట పంచెలో చూసి ఎరగను. ఆ సంగతి గుర్తుచేస్తే, రిటైరయ్యాక ఎలాగూ పంచెలే గనక ఇప్పట్నుంచి అలవాటు చేసుకుంటున్నానన్నాడు. అప్పటికి అతనికి ముప్పై నాలుగేళ్ళు.

అది మొదటి కారణం. ఆ తర్వాత అడిగినవాళ్ళకల్లా ఒక్కో కారణం చెప్పాడు. మా సూపరింటెండెంటు నారాయణమూర్తి గారికి, కుడికాలు నడుము కంటే పైకెత్తొద్దని డాక్టరు చెప్పాడని చెప్పాడు. ఆయన జాలిపడి, బావ చూసే ఫైళ్ళన్నీ కింది అరలోకి దింపించారు. ఆ సాయంత్రమే ఎవర్నో రైలెక్కించడానికి ఆయన స్టేషనుకి వచ్చారు. మేం ఆలస్యంగా పరిగెత్తుకొచ్చేసరికి బండి కదిలిపోతోంది. బావ ఆయన కళ్ళముందే కుడికాలు ముందుకి చాచి, లేడిలా ఒక్క గెంతులో పెట్టెలో పడ్డాడు. నారాయణమూర్తి గారు నోరు తెరిచింది తెరిచినట్టే ప్లాట్‌ఫారం మీద ఉండిపోయారు. మర్నాటికి ఫైళ్ళన్నీ పై అరలోకి ఎక్కాయి.

ఇంకోసారి రైలుగేటు దగ్గర ఒక కానిస్టేబులు, ఇదెవరో ఆడమనిషి దగ్గర కొట్టేసిన సైకిలని బావని ఆపాడు. బావ తాపీగా రశీదు చూపించాడు. బారు లేకపోతే ఇనుము తక్కువనీ, ఇనుము తక్కువైతే తుప్పు తక్కువనీ, సముద్రం గాలి తగిలే జిల్లాలో తెలివైనవాడెవడూ బారున్న సైకిలు కొనడనీ వివరించాడు. చివరికి ఆ కానిస్టేబులు, ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగి, దుకాణం పేరు రాసుకుని వెళ్ళాడు. నాకు నవ్వాలో పరిగెత్తాలో తెలియలేదు.

దాలమ్మని అడిగితే, "మీ బావ సోకు, నానేటి సెప్తాను" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

వీటన్నిటికంటే నన్ను నివ్వెరపరిచింది గాలి సంగతి. ఎవరైనా సైకిలెక్కే ముందు గాలి కొట్టుకుంటారు. బావ దిగాక కొట్టేవాడు. రైలు కూత వినిపిస్తున్నా సరే, గంగులు దగ్గర పంపు తీసుకుని రెండు చక్రాలకీ గాలి కొట్టి, బ్రేకులు నొక్కి చూసి, గొలుసుకి నూనె చుక్క వేసి, అప్పుడు దాన్ని స్టాండులో పెట్టేవాడు. పగలంతా ఊరికే నిలబడి ఉండే సైకిలుకి గాలెందుకని ఒకరోజు ఓపిక పోయి అడిగాను.

"గాలి నేకపోతే నిలబడ్డం దానికి కష్టం కాదేటిరా" అన్నాడు.

గంగులు అటు తిరిగి దగ్గాడు. సాయంత్రం మేం దిగేసరికి ఆ సైకిలు చక్రాలకి ఒక్కోసారి తడి ఎర్రమట్టి ఉండేది. అదేమిటని గంగుల్ని అడిగితే ఆకాశంకేసి చూసి, వానండి అనేవాడు. నా సైకిలు పక్కనే పొడిగా ఉండేది. రెండేళ్ళు ఇదంతా కళ్ళారా చూసి కూడా, బావకి కొంచెం పిచ్చి అనుకోవడం తప్ప నాకింకేమీ తట్టలేదు.

అరవై ఎనిమిది శ్రావణమాసం. వరినాట్ల రోజులు, మా వైపు ఉబాలంటారు. ఆ రోజు ఆఫీసులో కడుపునొప్పి పట్టుకుంటే, నారాయణమూర్తి గారు నన్ను మధ్యాహ్నం బండికే పంపేశారు. చీపురుపల్లిలో దిగి స్టాండుకి వెళితే గంగులు లేడు, భోజనానికి వెళ్ళినట్టున్నాడు. నా సైకిలు ఉంది. దాని పక్కన ఖాళీ. ఆకుపచ్చ సైకిలు లేదు.

అంత అపురూపంగా చూసుకునే సైకిలు పోయిందని బావకి ఏ ముఖంతో చెప్పను? బయట జామకాయల బుట్టతో కూర్చున్నామెని అడిగితే, "ఆకుపచ్చ సైకిలా బాబూ? ఇటే పోనాది" అని తూర్పు రోడ్డు చూపించింది. కడుపునొప్పి మరచిపోయి నా సైకిలెక్కాను.

మైలు దాటాక కనిపించింది. తెల్లచీర కట్టుకున్న ఒకావిడ, హ్యాండిలుకి తోలుసంచీ తగిలించుకుని, వర్షపు గుంటలు తప్పించుకుంటూ బాణంలా పోతోంది. ఆడమనిషి సైకిలు తొక్కగా నేను చూడ్డం అదే మొదలు. దానికి ఆశ్చర్యపోవాలో, దొంగని పట్టుకోవాలో ఒక నిమిషం తేలలేదు. దొంగ దొంగ అని అరిచాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది గాని ఆగలేదు. ఒగర్చుకుంటూ పక్కకి చేరి సైకిలు వెనక క్యారియరు పట్టుకున్నాను. రెండు సైకిళ్ళూ కలిసి పడ్డాయి. ఆకుపచ్చదాని ముందు చక్రం కల్వర్టు రాయికి కొట్టుకుని ఎనిమిదంకెలా తిరిగిపోయింది.

ఆమె లేచి, మోచేతికి కారుతున్న నెత్తురు చూసుకోలేదు. ముందు సంచీ తెరిచి సీసాలు పగిలాయేమో చూసుకుంది. అప్పుడు నాకేసి తిరిగింది. ఇది మా నరసింగరావు బావ సైకిలు, నీకెలా వచ్చిందని నేను గట్టిగా అడిగాను.

"ఆయనే ఇచ్చారండి. రెండేళ్ళయింది" అంది.

అబద్ధమన్నాను. పక్క పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు బురదకాళ్ళతో గట్టెక్కి వచ్చారు. నాకు సాయం వచ్చారనుకున్నాను. వాళ్ళలో పెద్దామె జగ్గమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నర్సమ్మని ఆపీసినావేటి బాబూ, నీకు మతుందా? మా పిల్లలందరూ ఆ సైకిలు మీదే పుట్టినారు" అంది.

చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి, రోజూ ఆ సైకిలు పక్కనే తొక్కే నాకు తెలియలేదు.

ఆమె పేరు దేవమణి. మిషను ఆసుపత్రిలో పురుళ్ళ పని నేర్చుకుని చీపురుపల్లి ప్రసూతి కేంద్రానికి వచ్చిన నర్సు. అవతలి ఊళ్ళో కూర్మయ్యగారి కోడలు రాత్రినుంచి నొప్పులు పడుతోందనీ, బిడ్డ అడ్డం తిరిగిందేమోనని భయంగా ఉందనీ రెండు ముక్కల్లో చెప్పి, వంగిన చక్రంకేసి చూసింది. నన్ను ఒక్కమాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంకా రెండు మైళ్ళండి. మీ సైకిలు మీద తీసుకెళ్తారా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే నా క్యారియరు మీద కూర్చుంది. పరాయి ఆడమనిషిని సైకిలెక్కించుకుని పట్టపగలు రోడ్డు మీద పోతుంటే చూసినవాళ్ళేమనుకుంటారన్న ఆలోచన నాకు సగం దూరం వెళ్ళాక గాని రాలేదు. అప్పటికి అనుకునే ఊపిరి లేదు. దారిలో గెడ్డ పొంగి మోకాళ్ళలోతు నీళ్ళు పారుతున్నాయి. నేను సైకిలు భుజాన వేసుకున్నాను, ఆమె సంచీ నెత్తిన పెట్టుకుంది. నీళ్ళలో ఒకసారి నా కాలు జారితే ఆమే చొక్కా పట్టుకుని నిలబెట్టింది.

గుమ్మంలో ఎదురుచూస్తున్న కూర్మయ్య నన్ను చూసి తెల్లబోయాడు. "ఆకుపచ్చ సైకిలు ఏదమ్మా?" అన్నాడు. దేవమణి లోపలికెళ్ళి తలుపేసింది. నేను అరుగు మీద కూలబడ్డాను. లోపలినుంచి వచ్చే కేకలు వినలేక లేచి వీధిలో అటూ ఇటూ తిరిగాను. రోడ్డు మీద నేను వాదించిన సమయమెంతో లెక్కవేసుకోవాలనిపించింది, ధైర్యం చాలలేదు. చాలాసేపటికి కేకలాగాయి. అంతకంటే ఘోరంగా, ఏ చప్పుడూ లేకుండా కొంతసేపు గడిచింది. అప్పుడు బిడ్డ ఏడ్చింది. కూర్మయ్య నన్ను కౌగలించుకున్నాడు, ఎవరినన్న ధ్యాస లేకుండా.

బయటికొచ్చిన దేవమణి, ఆడపిల్ల అనీ, బొడ్డుతాడు మెడకి చుట్టుకుని ఉందనీ, ఇంకో పావుగంటయితే తనవల్ల అయ్యేది కాదనీ చెప్పింది. తిరుగుదారిలో మిగతా సంగతి కూడా చెప్పింది. తనకి పద్నాలుగు ఊళ్ళు, అన్నిటికీ నడకే. నరసింగరావు గారికి ఒక సైకిలుకి మించి స్తోమతు లేదు, అది లేకపోతే ఆయన స్టేషనుకి రాలేరు. పగలంతా అది ఖాళీగా ఉంటుంది గనక, ఇద్దరూ తొక్కగలిగేది కొనమని దాలమ్మ సలహా ఇచ్చిందట. అది ఎవరి సైకిలో మగవాళ్ళకి తెలిస్తే ఒంటరి ఆడమనిషి మీద లేనిపోని మాటలు పుట్టిస్తారని గుట్టుగా ఉంచమన్నది కూడా దాలమ్మే. పొద్దున మా రైలు కదిలాక దేవమణి గంగులు దగ్గర తాళంచెవి తీసుకుంటుంది, సాయంత్రం బండికి ముందే తెచ్చి పెట్టేస్తుంది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా దారిలో గాలి దిగలేదంది.

సాయంత్రం వంగిన సైకిలు పక్కన పెట్టుకుని స్టాండు ముందు నిలబడ్డాను. బండి దిగిన బావ ముందు చక్రాన్ని చూశాడు. తర్వాత నా చొక్కా బురద చూశాడు. మీసాల మధ్య ముఖం పాలిపోయింది. చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే దగ్గరికొచ్చి, మెల్లిగా అడిగాడు.

"తల్లి బాగున్నాదా?"

బాగుందన్నాను.

"పిల్లా, పిల్లోడా?"

"పిల్ల."

అప్పుడు గాని అతను ఊపిరి వదల్లేదు. రిమ్ము సంగతి గంగులు చూసుకుంటాడని దాన్ని అక్కడే వదిలి, నా సైకిలు నడిపించుకుంటూ ఇద్దరం ఇంటిదారి పట్టాం. ఎందుకిలా చేశావని అడిగాను. ఈసారి కారణం వెతుక్కోలేదు. తన కూతురు పుట్టిన రోజు సంగతి చెప్పాడు.

"ఊరంతా జాతరకి పోనారు. ఇంట్లో నానూ దాలమ్మే. రోడ్డు మీద పోయే బండోడితో నర్సమ్మకి కబురెట్టినాను, ఆవిడ నాలుగు మైళ్ళు బురదలో నడిసి రావాల. ఈలోగా పిల్ల నా సేతుల్లో పడిపోనాది. ఏటి సెయ్యాలో తెల్దు. కదిపితే ఏటవుతాదోనని రెండు సేతులూ అలాగే సాపి, ఆవిడ వచ్చేదాకా గంటసేపు కూకున్నానురా. మజ్జిలో తుమ్మొచ్చింది. తుమ్మనేదు." కొంచెం దూరం నడిచాక, "ఇంకే మొగోడికీ ఆ గంట రాకూడదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే అతని చేతులకేసి చూశాను. అంత పెద్ద చేతులు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. రిమ్ము మారింది, మర్నాటినుంచి సైకిలు మామూలే. నాలుగోరోజు పొద్దున మేం పాసింజరు కోసం నిలబడి ఉంటే, కూర్మయ్య ఒక పెద్ద ఆకుపొట్లం పట్టుకుని స్టేషనుకి వచ్చాడు. తిన్నగా బావ దగ్గరకొచ్చి చేతులు జోడించి, మా ఆడోళ్ళు చెప్పారు బాబూ, మీ సైకిలు వల్లే మా కోడలు, మనవరాలు అంటూ మొదలెట్టాడు. బావ రాయిలా నిలబడి, నాకు ఏ నర్సమ్మా తెల్దు, మీరెవర్నో చూసి ఎవరో అనుకుంటున్నారు అన్నాడు. నిలువెత్తు మనిషి, కళ్ళముందే అంత పచ్చి అబద్ధం ఆడేశాడు. కూర్మయ్య కాసేపు అతన్నీ, కాసేపు నన్నూ చూసి, చివరికి పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

రైలు కదిలాక విప్పాను. బెల్లం, వేయించిన నువ్వులు కలిపి చేసిన ఉండలు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూనే నావైపు చెయ్యి చాపాడు. ఒకటి పెట్టాను. నెమ్మదిగా నమిలాడు.

"ఎవరికో పిల్ల పుట్టినట్టున్నాది. ఉండలు బాగున్నాయి" అన్నాడు. నెల్లిమర్ల వచ్చేసరికి నాకు రెండే మిగిలాయి.