వెనక్కి పారిన ఏరు

ఆత్మకూరు సంతలో ఎండుచేపల వాసన తగిలితే ఇప్పటికీ నాకు ముందు పౌరుషం వస్తుంది. ఆకలి ఆ తర్వాతే.

చిన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో సముద్రం పక్కనున్న మేనత్త ఊరికి వెళ్ళాను. మామ నన్ను చిన్న పడవలో ఉప్పుటేటికి తీసుకుపోయి చేతికి గాలం ఇచ్చాడు. పొద్దున గాలం బెండు సముద్రం వైపు కొట్టుకుపోయింది. మధ్యాహ్నం అదే బెండు ఊరి వైపు రావడం మొదలుపెట్టింది. బురదలో చేపల కోసం కాచుకున్న కొంగలు ఒక్కొక్కటే నీళ్ళొచ్చే వైపుకు తిరిగి నిలబడ్డాయి. సముద్రం నిండిపోయి, మిగిలిన నీళ్ళు తిప్పి పంపుతోందనుకున్నాను.

సెలవులయ్యాక మా ఇంటికొచ్చి చెబితే అందరూ నవ్వారు. కొండ మీద వాన పడితే కిందికి పారే వాగులే మా వాళ్ళకు తెలుసు.

"ఏరు ఎనక్కి పారేదేందమ్మే?" అన్నాడు నాయన.

"పారింది నాయనా. కొంగలు గూడా తిరిగి నిలబడినాయి."

ఆదివారం చర్చి తప్పని అవ్వకు మాత్రం నవ్వు రాలేదు. "మోకాళ్ళూని, అబద్ధం చెప్పినాను క్షమించమని ప్రభువును అడుగు. అప్పుడే అన్నం," అంది. అత్త కట్టిచ్చిన ఎండుచేపలు పొయ్యి మీద పులుసులో ఉడుకుతున్నాయి.

మోకరించి, ఇంట్లో అందరికీ వినబడేలా ప్రార్థన చేశాను.

"ప్రభువా, నీళ్ళు ఎనక్కి వచ్చినాయి. నువ్వు పైనుంచి చూసినావు గదా. ఈళ్ళకు నువ్వన్నా చెప్పు. ఆమేన్."

ఆ రాత్రి నాకు పులుసు లేదు.

ఆటుపోట్ల గురించి తర్వాత బడిలో చదువుకున్నాను. సముద్రం నిండిపోయిందనుకోవడం నా పొరపాటే. నీళ్ళు మాత్రం వెనక్కే వచ్చాయి. ఆ క్షమాపణ నేనింకా అడగలేదు. అడగను.