బతికినవి ఇటు, పోయినవి అటు

ఈరోజు ఉదయం ఐదూ నలభైకి ఏలూరులో మా వీధిలోకి చేపల సైకిల్ వచ్చింది. కిటికీలోంచి నీచువాసన తగిలేసరికి నేను పాత గ్రీకు పాఠం ముందు కూర్చుని ఉన్నాను. యాభై ఆరేళ్లకు మొదలుపెట్టిన చదువు. అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటున్నాను. ఆ భాషలో 'మంచి' అనే విశేషణం ముందు ఒక చిన్న మాట చేరిస్తే చాలు, మనుషులని వేరే చెప్పకుండానే 'మంచివాళ్లు' అయిపోతుంది: హొయ్ అగథొయ్. ఆ కిందే హొయ్ నెక్రొయ్, పోయినవాళ్లు. ఇలా చెప్పడం నాకు ఏడేళ్లప్పుడే వచ్చు.

కార్తీకంలో, కొల్లేటి మీద మంచు విడవకముందే, బుట్టల్లా అల్లిన వెదురు మావుల్లో పడిన కొరమేనుల్ని దోనెలో వేసుకుని నాన్న గట్టుకు వచ్చేవాడు. తడి తుంగ వాసన మధ్య, చద్దన్నం గిన్నె పక్కన, అమ్మ నీళ్లు నింపిన గాబునీ ఖాళీ తట్టనీ సిద్ధంగా పెట్టేది. "బతికినవి ఇటు, పోయినవి అటు" అనేవాడు నాన్న. చేప అన్న మాట ఎవరూ అనేవాళ్లు కాదు. కొరమేను బతికుంటేనే బేరం. ఒకరోజు ఆ పని నాకు అప్పగించి, ఒక్క తప్పూ లేకుండా వేరుచేస్తే మర్నాడు దోనె ఎక్కిస్తానన్నాడు.

చకచకా వేరుచేశాను. అమ్మ తట్టలో చెయ్యి పెట్టి నవ్వింది.

"ఏవండీ, మీ అమ్మాయి ఒకదాన్ని బతికుండగానే సాగనంపేసిందండి."

"అది కదల్లేదు నాన్నా" అన్నాను. ఏడుపొచ్చేసింది, ఇక దోనె లేనట్టే.

నాన్న దాన్ని అరచేతుల్లోకి తీసుకుని నీళ్లు చిలకరించాడు. "కదలనంత మాత్రాన పోయినట్టు కాదమ్మలూ. కాసేపు చూడాలి."

చూశాం. చాలాసేపటికి నోరు తెరిచింది. గాబులో వేయగానే తోకతో కొట్టి ముగ్గుర్నీ తడిపేసింది.

"మరి రేపు?"

"చూడ్డం వచ్చిందిగా. ఎక్కుదువుగాని."

మర్నాడు దోనె ముందుకొనలో కూర్చుని, తామరాకుల మధ్య నుంచి లేచిన ప్రతి పిట్టనీ తెల్లది, నల్లది, పొడుగుముక్కుది అని కేకలు పెడుతూ వెళ్లాను. పేర్లు ఒక్కటీ రావు, ఆ పూట అవసరమూ పడలేదు.

నిరుడు ఆసుపత్రిలో, నర్సు చెప్పాక కూడా, నాన్న నోటి దగ్గర అరచెయ్యి పెట్టి కాసేపు చూశాను.

ఇవాళ హొయ్ నెక్రొయ్ పక్కన తెలుగులో అర్థం రాసుకుని కిందికి దిగాను. సైకిల్ తట్టలో ఉన్నవన్నీ చెరువుల్లో పెంచినవి, ఐసు కింద ఉన్నాయి. మా గట్టు మీద బతికినవీ పోయినవీ ఇప్పుడెవరూ వేరుచేయడం లేదు.