వైద్యానికి ముందురోజు

నా చిన్నప్పుడు పలాసలో మా వీధిలో వైద్యం చదివినవాళ్ళు ఒక్కరూ లేరు గానీ, వైద్యం చెప్పేవాళ్ళకు మాత్రం కరువు లేదు. నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. వాడికి తగ్గాక నాకు భయం పట్టుకుంది. నా చేతికి ఏదో అంటిందని, ఆ చేత్తో ముట్టుకుంటే ఈసారి వాడు చచ్చిపోతాడని. నూతి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కునేదాన్ని, గుమ్మం దాకా వచ్చి మళ్ళీ వెళ్ళేదాన్ని. వేళ్ళ సందులు పగిలి రక్తం వచ్చేది. పెన్సిల్ పట్టుకోలేక బడి మానేశాను.

మా అమ్మమ్మ దాన్ని శుభ్రత అనుకుని చుట్టాలకు గొప్పగా చెప్పుకుంది. మా పిన్ని పని ఎగ్గొట్టడానికి వేషాలంది. ఎదురింటి పెద్దమనిషి దిష్టి అని తాయెత్తు కట్టించాడు. మురికిగా ఉందని ఆ తాయెత్తునూ కడిగాను. అందరిలోకీ ఘనుడు మా బాబాయి. భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమె మా వీధిలో గంప దించిన రోజున, వెనక నుంచి నా చెయ్యి పట్టుకుని మోచేతి దాకా ఆ గంపలో దూర్చాడు. "సూడండి, భయం ఎలా వదిలిపోద్దో!" అని వీధంతా వినేలా నవ్వాడు. "ఏటి బాబూ, పసిపిల్లతోనా నీ పెతాపం?" అని చేపలామె తిట్టింది. ఆ రోజు పొద్దుగూకే దాకా నేను నూతి దగ్గర నుంచి లేవలేదు. బాబాయి మాత్రం తన వైద్యం పారకపోవడానికి నా మొండితనమే కారణమని తేల్చేశాడు. మూర్ఖుడికి తన మీద తనకుండే నమ్మకాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా పక్కింటి అక్క జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్ళేది. పెళ్ళికి ముందు ఆమె కొన్నాళ్ళు విశాఖపట్నంలో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తిరిగిందని వీధిలో చాటుగా వెక్కిరించేవారు. ఆమె చేత్తో ఒలిచిన పప్పు తినడానికి లేని అభ్యంతరం, ఆమెతో మాట్లాడటానికి ఉండేది ఆ మహానుభావులకు. ఆ అక్కే మా అమ్మను కూర్చోబెట్టి, తనకూ ఒకప్పుడు ఇదే జబ్బని, తలుపు గొళ్ళెం వేశానో లేదోనని ఇరవైసార్లు లేచి చూసేదాన్నని చెప్పింది. తనకు నయం చేసిన డాక్టరమ్మ దగ్గరికే నన్ను తీసుకువెళ్ళేలా ఒప్పించింది.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం నన్ను తన అరుగు మీదికి పిలిచింది. డాక్టరమ్మ సూది వేస్తే భయం పోతుందా అని ఆశగా అడిగాను.

"పోదు. నీకు అబద్ధం సెప్పి పంపను" అంది అక్క. "ముందు కొన్నాళ్ళు భయం ఎక్కువవుతాది. ఆవిడ మందు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. అసలు పని నువ్వే సెయ్యాలి. ఏది ముట్టుకోవాలో ఇద్దరూ కలిసి అనుకుంటారు, సిన్నదాంతో మొదలెడతారు. నువ్వు సరే అనకుండా నీ సెయ్యి ఎవరూ పట్టుకోరు."

తమ్ముడు పాడె మీద ఉన్నట్టు నా కళ్ళకు కనిపించేది. అది ఎవరికీ చెప్పలేదు. అదీ చెప్పాలా అని గొణిగాను.

"అదే సెప్పాలి. ఆవిడ అలాంటివి రోజూ ఇంటాది. సిగ్గుపడి దాసుకుంటే ఎల్లినా దండగే."

తర్వాత అరుగు మీదున్న గోనెసంచి చూపించి, ముట్టుకుంటావా, వద్దంటే వద్దు అంది. చాలాసేపు ఆలోచించి ఒక్క వేలు ఆనించాను. వెంటనే నూతి వైపు లేచాను. అక్క ఆపలేదు. "కూకుంటే నానూ నీతో కూకుంటాను" అంది అంతే. కూర్చుని, తమ్ముడికి ఏమీ కాదు కదా అని అడిగాను. మా అమ్మయితే వెంటనే ఒట్టు వేసేది.

"నాకేటి తెల్సు? ఏటీ అవదని సెప్తే ఇప్పుడు బాగుంటాది, కాసేపటికి మళ్ళీ అడుగుతావు."

ఆ క్షణాన ఆమెంత కఠినురాలు లేదనిపించింది. భయం అంతకంతకూ పైకెక్కింది. ఎప్పుడు దిగిందో తెలియదు. వీధి చివర లారీలోకి కొబ్బరికాయలు విసరడం చూస్తూ ఉండిపోయానని తర్వాత తెలిసింది. అన్నానికి ముందు మూడుసార్లు కడుక్కున్నాను. రోజూలా ముప్ఫై కాదు, మూడు.

విశాఖకు నెలల తరబడి తిరిగాం. మధ్యలో ఒకసారి రానని మొండికేశాను. డాక్టరమ్మ మా అమ్మచేత ఒట్లు మాన్పించింది. మరుసటి ఏడు బడికి వెళ్ళాను. మా బాబాయి పోయేదాకా అది తన గంప మహిమేనని చెప్పుకున్నాడు.

ఇప్పుడు టెక్కలిలో మా మనవరాలికి అదే జబ్బు. వచ్చే వారం కౌన్సెలింగు మొదలు. యోగా చెయ్యమని ఒకరు, పెళ్ళి చేస్తే పోతుందని ఒకరు ఫోన్లు. డిగ్రీలు పెరిగాయి, బుద్ధి పెరగలేదు. అక్క చెప్పినవన్నీ దానికి చెప్పాను. ఈ జబ్బు చూసిన అనుభవం ఉందా అని ఆ కౌన్సెలర్ని ముందే అడగమన్నాను, కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళమన్నాను.

ఎదుటి మనిషి భయాన్ని ముట్టుకునే ముందు ఆ మనిషిని అడగాలి. ఆ అరుగు మీద నేర్చుకున్నది ఇంతే. పిల్లల్ని పెంచినా, పాఠాలు చెప్పినా దాన్ని తప్పలేదు. అడగకుండా చెయ్యి వేసేవాళ్ళను మాత్రం నేను ఇంతవరకూ క్షమించలేదు, ఆ ఉద్దేశమూ లేదు.