సాయిబు తాత తలుపు రాయి

నా చిన్నప్పుడు మేము సికింద్రాబాదు బోయిగూడలో ఉండేవాళ్లం. నాన్నగారు మిషన్ బడిలో పంతులు. పక్కింటి సాయిబు తాత రైలు పట్టాల కింద కంకర పరిపించే మేస్త్రీగా చేసి మానుకున్నవాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా ఒక నల్లటి కంకర రాయి అడ్డం పెట్టుకునేవాడు. పొద్దస్తమానం నేను ఆ గుమ్మంలోనే ఉండేదాన్ని.

పోలీస్ యాక్షన్‌కు ముందు ఊళ్లో భయం పెరిగి, బెజవాడలో అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోదామంది అమ్మ. తాతను వదిలి రానని ఆయన అరుగు మీద కూర్చున్నాను. ఎవరు బతిమాలినా కదల్లేదు. మొదటి నుంచీ నేను మొండిఘటాన్నే.

అప్పుడు తాత ఆ రాయి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. చిన్నతనంలో పరేడ్ మైదానంలో ఒక దొర పెద్ద గాలిబుడగ కింద బుట్టలో నిలబడి ఎగరడం చూశాడట. బుట్ట చుట్టూ ఇసుక సంచులు. అవేమిటని అడిగితే బలాస్ట్ అన్నారట. రైల్వేలో చేరాక పట్టాల కింది రాళ్లనూ ఆ మాటతోనే పిలవడం విన్నాడు. నాన్నగారు అందుకుని, అది మొదట ఓడవాళ్ల మాటని చెప్పారు. ఖాళీ ఓడ ఒరిగిపోకుండా అడుగున వేసే బరువట. సరుకు కాని ఉత్త బరువని దాని పాత అర్థమని పండితులు అంటారట.

ఉత్త బరువైతే మోయడమెందుకని అడిగాను.

"బుడగ కిందికి జారితె ఏదో ఒకటి పారెయ్యాలె గద బిడ్డా. ఏం లేకుంటె మనిషిని పారేస్తరా? తక్లీఫ్ వస్తె ముందుగాల ఈ రాయి పారెయ్. మనుషులను మాత్రం పారెయ్యకు" అన్నాడు తాత.

బియ్యానికే చోటు లేదని అమ్మ సణిగింది. అయినా రాయి నా బట్టల మూటలో రైలెక్కింది, దానితో నేనూ ఎక్కాను.

గొడవలు సద్దుమణిగాక తిరిగి వచ్చేసరికి తాత ఇంటికి తాళం. కొడుకు వచ్చి తీసుకుపోయాడన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్లు మోండా మార్కెట్లో తెల్లగడ్డం కనబడితే చాలు, ముందుకు వెళ్లి ముఖం చూసేదాన్ని.

తర్వాత ఎన్నో ఇళ్లు మారాను. సామాను వదిలేశాను. కోపమొచ్చి మనుషులనూ వదిలేద్దామనుకుని, తాత మాట గుర్తొచ్చి మళ్లీ వెళ్లి పలకరించాను. ముందు పారేయమన్న రాయిని మాత్రం పారేయలేకపోయాను. ఇప్పుడది మా వీధి తలుపు దగ్గర ఉంది. తలుపు వేసుకోమని పిల్లలు పోరుతారు. తాత వయసు లెక్కేసుకునే తెలివి నాకూ ఉంది. అయినా ఆయన వస్తే తలుపు మూసి ఉండకూడదు.